మీసం నాకు, మీసం నకో

పోయిన నెల ఒక శనివారం నేను చేసిన ఘనకార్యం చెప్తాను, ముందు చేతిలో చాయ్ గ్లాసులు కింద పెట్టండి. తాగుతూ వింటే ముక్కులోంచి వస్తుంది, తర్వాత నన్ననకండి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, నిక్షేపంగా బతికున్న ఒక ముసలాయన్ని నేను పాలమూరు దాకా పోకుండానే, ముంబైలో నాగ్‌పాడాలో నిలబడి, పది నిమిషాల పాటు చంపేశాను. నా చేతిలో రేజర్ ఉన్న మాట నిజమే. అలా చూడకండి, హత్య కాదు. గడ్డం గీశానంతే!

మొదట్నుంచి చెప్తా. నాది ఫోర్ట్ ఏరియాలో ఒక ఆఫీసులో డిస్పాచ్ సెక్షన్. పన్నెండేళ్ల నుంచి కవర్ల మీద స్టిక్కర్లు అంటిస్తున్నాను. కవర్లో ఏముందో నాకు తెలీదు, తెలుసుకోవాలని లేదు. స్టిక్కర్ వంకర లేకుండా పడిందా లేదా, అంతవరకే నా జ్ఞానం. ఉద్యోగం మంచిదే. కానీ లాక్‌డౌన్ వచ్చి నా బుర్ర పాడు చేసింది.

అప్పుడు సలూన్లన్నీ బంద్ కదా. కామాఠిపురాలో మా చాల్, అదే వరస గదుల పాత బిల్డింగు, మూడో మాలా అంటే మూడో అంతస్తు. గ్యాలరీలో కుర్చీ వేసి, మా ఆవిడ సుజాత బట్టలు కుట్టే కత్తెర తీసుకుని ముందు నా మేనల్లుడి జుట్టు కత్తిరించాను. తర్వాత పక్కింటాయన వచ్చాడు. తర్వాత కింది మాలా వాళ్లు మెట్ల మీద లైన్ కట్టారు. "వాహ్ రమేశ్, ఏక్‌దమ్ మస్త్!" అన్నారు అందరూ. గతిలేనమ్మకు గంజే పానకం అంటారు చూడండి, అదన్నమాట. ఊళ్లో ఇంకో కత్తెర లేదు కాబట్టి నన్ను పొగిడారు. నేనేమో నా వేళ్లలో దేవుడున్నాడనుకున్నాను.

ఆ పిచ్చి లాక్‌డౌన్‌తో పోలేదు. ఫోన్లో రాత్రింబవళ్లు కటింగ్ వీడియోలు. ఫేడ్ అంట, లేయర్ అంట, అండర్‌కట్ అంట. రైల్లో ఎదురుగా కూర్చున్నవాడి తల చూసి, వీణ్ణి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి అని ఆలోచిస్తూ నా స్టేషన్ దాటేసేవాణ్ణి. ఇంతలో మా చాల్ కింద ఒక దుకాణం గది ఖాళీ అయింది. గది ఓనర్ పదిహేను రోజుల్లో ఔనో కాదో చెప్పమన్నాడు. నేను ఫోన్లో రాజీనామా లెటర్ టైప్ చేసి డ్రాఫ్ట్స్‌లో పెట్టాను. ఒక్క వేలు నొక్కితే పన్నెండేళ్లు ఖతం! అంత దాకా వచ్చింది సంగతి.

సుజాత గ్రాంట్ రోడ్ దగ్గర ఒక కళ్ల క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది. రోజంతా కళ్లలో చుక్కలు వేసుకున్న వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఎవడికి ఏది కనబడటం లేదో ఇట్టే పట్టేస్తుంది. ఆ లెటర్ చూసి కేకలు వేయలేదు. స్టూల్ లాక్కుని కూర్చుంది.

"దిగితే గాని లోతు తెల్వదంటరు. సరే, దిగు. కానీ ముందుగాల మోకాళ్ల దాక దిగి సూడు. సీదా దూకుడు నకో."

నకో అంటే వద్దు. మరాఠీ మాటే. కానీ మా ఇళ్లల్లో మూడు తరాల నుంచి తెలుగే అనుకుని వాడుతున్నాం. చాయ్ నకో, లొల్లి నకో, నీ తెలివి నకో. చిన్నప్పుడు 'వద్దు' అన్నది సినిమా వాళ్లు మాత్రమే మాట్లాడే మాట అనుకునేవాణ్ణి. ఈ సంగతి కొంచెం గుర్తు పెట్టుకోండి.

సుజాత ఒక నోట్‌బుక్ తెచ్చి, అట్ట మీద 'రీసెర్చ్' అని రాసింది. లోపల ప్రశ్నలు. రోజుకి ఎన్ని గంటలు నిలబడాలె? పండుగ నాడు సెలవుంటదా, ఆ రోజే పని ఎక్కువుంటదా? నడుము ఏమంటది? దువ్వెనకి జుట్టే అందనోడు వస్తే ఏం జేస్తవు? అట్లా ఒక పేజీ నిండా రాసింది. ఆఖరి ప్రశ్న ఏంటంటే, 'తప్పయితే నష్టం ఎవరికి?' అది చూసి నేను నవ్వాను. జుట్టే కదా, మళ్లీ మొలుస్తుంది అన్నాను. సుజాత నవ్వలేదు.

ఆఫీసులో వారం లీవు అడిగాను. గావ్, అంటే సొంతూరు, పోతున్నా అన్నాను. మా హెడ్ కళ్లజోడు కిందికి దించి, "కౌన్ సా గావ్ రే? తూ తో పైదా యహీ హువా!" అన్నాడు. పుట్టింది ఇక్కడే, మా నాన్న పుట్టిందీ ఇక్కడే. అయినా ముంబైలో లీవు దొరకాలంటే ఎవడికైనా ఒక గావ్ ఉండాలి కదా!

సరే, సోమవారం పొద్దున్నే నాగ్‌పాడాలో దత్తూ భావూ సలూన్‌కి వెళ్లాను. మూడు కుర్చీలు, నాలుగు అద్దాలు, గోడకి క్యాలెండర్. దత్తూ భావూ ముప్పై ఏళ్ల నుంచి అక్కడే నిలబడి ఉన్నాడు. నాకు ఈ పని నిజంగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది, రీసెర్చ్ అని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, మూల వైపు వేలు చూపించాడు.

"రీసెర్చ్? ఝాడూ ఘే."

ఝాడూ అంటే చీపురు. మూడు రోజులు అదే నా రీసెర్చ్. ఆ వారం మొత్తంలో ఏ వీడియోలోనూ చూపించని సంగతులు ఎన్ని తెలిశాయో! వేరేవాళ్ల జుట్టు మన కాలర్లో దూరితే సాయంత్రం దాకా గుచ్చుతూనే ఉంటుంది. డబ్బా తెరిస్తే అన్నంలో జుట్టు. ఇంటికెళ్లి స్నానం చేసి పడుకున్నా చెవిలో జుట్టు. మధ్యాహ్నానికి నా కాళ్లు నావి కావు. శుక్రవారం నమాజు ముందు రష్ చూడాలి, చాయ్ చల్లారిపోయి, మళ్లీ వేడి చేసి, మళ్లీ చల్లారిపోయింది. ఒకాయనకి తల మీద మొత్తం కలిపి ఓ ముప్పై వెంట్రుకలుంటాయి. ఫోన్లో ఒక హీరో ఫోటో చూపించి "ఐసా" అన్నాడు. దత్తూ భావూ ఏమాత్రం తొణక్కుండా నలభై నిమిషాలు కత్తెర ఆడించాడు, గాల్లో. ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు.

గురువారం నుంచి నా చేతికి రేజర్ ఇచ్చారు. మనిషి మీద కాదు, బెలూన్ మీద. బెలూన్ ఊది, దానికి సబ్బు నురగ రాసి, పగలకుండా గీకాలి. పదకొండు పగిలాయి. ప్రతి బెలూన్‌కీ కుర్చీలో నిద్రపోతున్న కస్టమర్ ఉలిక్కిపడి లేచేవాడు. పన్నెండోది పగల్లేదు. శుక్రవారం దత్తూ భావూ తన గడ్డమే నాకిచ్చి గీయించుకున్నాడు. రక్తం రాలేదు. "బరా ఆహే" అన్నాడు, పర్లేదు అని. ఆ ఒక్క మాటతో నేను మనసులో దుకాణానికి బోర్డు కూడా రాయించేశాను. ఒక్కటే ఆలోచించలేదు. బెలూన్‌కి మీసం ఉండదు. దత్తూ భావూకీ లేదు!

శనివారం పన్నెండున్నర. దత్తూ భావూ ఒకాయన తలకి రంగు వేస్తున్నాడు. ఒక పెద్దమనిషి తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. యాభై దాటి ఉంటాయి. చెప్పులకి సిమెంటు, మెడలో టవల్, దాని పక్కన ఐడీ కార్డు. పదిహేను రోజుల గడ్డం. ఆ గడ్డంలో కూడా విడిగా కనబడే మీసం, రెండు కొసలూ పైకి తిప్పి. ఆయన తెలుగులో ఏదో గొణగగానే దత్తూ భావూ ముఖం వెలిగిపోయింది.

"రమేశ్! తుఝా గావ్‌వాలా ఆలా రే!"

మా ఊరాయన వచ్చాడట. చూడండి, తెలుగువాడు తెలుగువాణ్ణి బాగా చూసుకుంటాడని ఆ కుర్చీ నాకిచ్చారు!

"కూసో కాకా," అన్నాను. కాకా అంటే పాలమూరులోనూ చిన్నాయనే, మరాఠీలోనూ చిన్నాయనే. ఆ రోజు మా ఇద్దరి మధ్యా సరిగ్గా పనిచేసిన మాట అదొక్కటే.

"తెలుగోడివా! అమ్మయ్య," అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "కుర్మయ్యంటరు నన్ను. పాలమూరు దిక్కు. మేస్త్రీని. వచ్చి మూన్నెల్లాయె, ఈడ ఒక్కని మాట సమజ్ గాదు. నీదేవూరు బిడ్డా?"

"మా ముత్తాత గూడ ఆ దిక్కుకెల్లే వచ్చిండు కాకా. బిల్డింగుల పని మీదనే."

"అయితే మనోడివే! ఇగ నాకు రంది లేదు. గడ్డం మొత్తం తీసెయ్. జెర జల్ది. మూడు గంటలకు వర్లిల గేటు కాడ ఉండాలె. ఏమైందంటే బిడ్డా, నాకు జొరమొచ్చి..."

ఏమైందో చెప్పబోయాడు పాపం. నేను వినలేదు. పని నేర్చిన ఉత్సాహంలో బ్రష్‌తో ఇంత నురగ తీసి ముక్కు కింది నుంచి గొంతు దాకా పట్టించాను. నోరు మూసుకుపోయింది. ఆ నురగ ఒక్క నిమిషం ఆగి రాసి ఉంటే ఈ కథే లేదు.

కుడి చెంప గీశాను. శుభ్రంగా వచ్చింది. ఎడమ చెంప, గొంతు, గదవ. ఒక్క గాటు లేదు! ఇక మీసం దగ్గరికొచ్చాను. నేనేమీ అడగకుండా చేసేవాణ్ణి కాదండీ, నా మీద ఒట్టు. రేజర్ ఆపి అడిగాను.

"కాకా, మీసం?"

ఆయన పెదాలు కదపకుండా, నురగ నోట్లోకి పోకుండా, పళ్ల సందు లోంచి అన్నాడు. "మీసం న్‌కు..."

మీసం నకో అన్నాడు. నాకు స్పష్టంగా వినబడింది. అయినా ఇంత మీసం కదా, మనసొప్పలేదు. మళ్లీ అడిగాను.

"నకో?"

కుర్మయ్య కాకా కళ్లు నవ్వాయి. గట్టిగా తల ఊపాడు. "న్‌కు! న్‌కు!"

రెండుసార్లు కన్ఫర్మ్ అయింది. ఇంకేం కావాలి? ఎడమ వైపు ఒకటి, కుడి వైపు ఒకటి, రెండే గీతలు. అంత చక్కగా వచ్చింది కదా, దత్తూ భావూ చూస్తున్నాడా అని గర్వంగా వెనక్కి కూడా తిరిగాను. టవల్ తడిపి ముఖం తుడిచి, కుర్చీ లేపి, "సూస్కో కాకా," అన్నాను.

ఆయన అద్దంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"గిదెవరు?" అన్నాడు.

తర్వాత రెండు వేళ్లు మెల్లగా ముక్కు కిందికి వెళ్లాయి. అక్కడ తడిమాయి. మళ్లీ తడిమాయి.

"నా మీసమేది?"

నేను కిందికి చూశాను. అక్కడుంది, నా చెప్పు పక్కన.

"మా నాయిన ఇంక బతికే ఉన్నడు గదరా!" అని ఒక్క అరుపు అరిచాడు. రంగు వేయించుకుంటున్నాయన సగం తలతో లేచి నిలబడ్డాడు. తండ్రి పోతే పెద్దకొడుకు మీసం తీస్తాడు కదా మనలో. అదొక్కటే సందర్భం. ఇంకెప్పుడూ తీయడు.

"నువ్వే గద కాకా నకో అన్నవ్! రెండుసార్లడిగిన!" అన్నాను, ఏడుపు గొంతుతో.

"నకో ఏందిరా? మీసం నాకు గావాలె అనబోయిన. సబ్బు నోట్లెకు వస్తుండె, నాకు అనంగనే ఆగిపోయిన."

"మరి మళ్ల 'నకో' అని అడిగితే తలకాయూపితివి!"

"నువ్వు 'నాకో' అంటివి! పిల్లగాడు పరాచికమాడుతున్నడు, నా మీసం తనకియ్యమంటున్నడు అనుకున్న. అందుకే 'నాకు, నాకు' అన్న. నా మీసం నాకే గద!"

అప్పుడు ఎక్కింది నా బుర్రకి. ఆయన నాకు అంటున్నాడు, నేను నకో అని వింటున్నాను. నేను నకో అంటున్నాను, ఆయన నాకో అని వింటున్నాడు. ఇద్దరం తెలుగే మాట్లాడుతున్నామని ఇద్దరికీ గట్టి నమ్మకం!

ఇంతలో దత్తూ భావూ చేతికి రంగు గ్లవ్స్‌తోనే వచ్చి ఆయన ముఖంలోకి తొంగి చూశాడు. "మిశీ కుఠే గేలీ?" అన్నాడు. మీసం ఎక్కడికి పోయింది అని. నేను మళ్లీ చెప్పు పక్కకి చూశాను.

సరిగ్గా అప్పుడే కుర్మయ్య కాకా ఫోన్ మోగింది. ఊర్నుంచి వీడియో కాల్, వాళ్ల ఆవిడ. ఆయన అలవాటు కొద్దీ నొక్కేశాడు. అవతల ఆమె ఒక్క క్షణం చూసింది. ఆ తర్వాత వచ్చిన కేకకి దుకాణంలో ఫోన్ మోగినట్టు లేదు, సైరన్ మోగినట్టుంది.

"ఓ మామో! ఓ నా మామో! ఎంత పనాయెనే!"

ఆమె వెనక మంచం మీద ఒక ముసలాయన కూర్చుని పల్లీలు వలుచుకుంటున్నాడు. ఏడుపు విని తలెత్తాడు.

"ఎవరే పోయింది?"

"నువ్వే మామా!" అని ఆమె ఇంకా గట్టిగా ఏడ్చింది.

ముసలాయన చేతిలో పల్లీ అట్లాగే ఉండిపోయింది. ఫోన్ దగ్గరికొచ్చి కొడుకు ముఖం చూశాడు, తన చెయ్యి తనే గిల్లి చూసుకున్నాడు. "నేను పోయినట్టు నీకెవడు జెప్పిండురా?" అని కొడుకుని బూతులందుకున్నాడు. వాళ్లకి విషయం చెప్పి నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. నన్ను కూడా కెమెరా ముందు నిలబెట్టారు. "గీడే, గీ పోరడే," అని చూపించాడు. నమస్కారం పెట్టాను. ముసలాయన తిరిగి పెట్టలేదు, ఏమనుకుంటాం!

ఇప్పటిదాకా నవ్వండి, పర్లేదు. నాకూ లోపల్లోపల నవ్వొస్తూనే ఉంది. ఫోన్ పెట్టేశాక ఆయన చెప్పిన మాటతో నా నవ్వు ఆగిపోయింది.

వర్లిలో టవర్ కడుతున్న చోట గేటు దగ్గర ముఖం చూసే మిషన్ ఉందట. పొద్దున వస్తూ ఒకసారి, సాయంత్రం పోతూ ఒకసారి దానికి ముఖం చూపించాలి. కాకాకి జ్వరమొచ్చి పదిహేను రోజులు పడుకున్నాడు, గడ్డం పెరిగింది. లేచి వెళ్తే మిషన్ గుర్తుపట్టలేదు. రెండు రోజులు గేటు బయటే నిలబడి తిరిగొచ్చాడు. చివరికి గేటు దగ్గరి సూపర్‌వైజర్ ఆఖరి మాట చెప్పాడు. కార్డు మీద ఫోటోలో ఎట్లున్నవో అట్ల తయారై శనివారం మూడు గంటల లోపల రా, లేకపోతే సోమవారం నుంచి నీ జాగలో వేరే మేస్త్రీ. కాకా వెంట ఊర్నుంచి వచ్చిన తొమ్మిదిమంది ఉన్నారు. మేస్త్రీ పోతే వాళ్ల పనీ పోయినట్టే.

కార్డు తిప్పి చూశాను. ఫోటోలో గడ్డం లేదు. మీసం మాత్రం కార్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఉంది.

"తెలుగోడివి గదా అని మొకం నీ చేతిల పెట్టిన బిడ్డా," అన్నాడు కాకా. తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకు అంత సిగ్గు పెళ్లిలో తాళి కిందపడేసినప్పుడు కూడా వేయలేదు.

దత్తూ భావూ గ్లవ్స్ తీసి నా భుజం మీద చెయ్యి వేశాడు. "రీసెర్చ్ ఝాలా?" అన్నాడు. అయిందా అని. అయింది భావూ, పూర్తిగా అయింది.

టైము ఒంటిగంట. కాకాని తీసుకుని మా చాల్‌కి పరుగెత్తాను. ఐదు నిమిషాల దారి. సుజాత ఇంకా క్లినిక్ నుంచి రాలేదు. ఆమె కాటుక డబ్బీ వెతికి తీసి, నా వేలితోనే కాకాకి మీసం దిద్దాను. ఎడమ వైపు బాగానే వచ్చిందనుకున్నా. కుడి వైపు కొంచెం పైకి పోయింది. దాన్ని సరిచేయబోతే ఎడమది లావైంది. దాన్ని సరిచేయబోతే కుడిది చెవి దారి పట్టింది. కాకా అద్దం తీసుకుని చూశాడు.

"మీసం పెట్టుమంటే బల్లిని పెడితివి గదరా!"

అప్పుడు తలుపు తీసుకుని సుజాత వచ్చింది. శనివారం ఆమెకి సగం రోజే. మంచం మీద పెదవి పైన బల్లితో ఒక కొత్త మనిషి, పక్కన నల్లటి వేళ్లతో నేను.

"ఏందయ్యా ఇది?"

చెప్పాను. అన్నీ చెప్పాను. ఆమె నన్ను తిట్టడానికి టైం వేస్ట్ చేసుకోలేదు, అది తర్వాత తీరిగ్గా చేసుకుంది. చేతులు కడుక్కుని, కొబ్బరినూనెతో బల్లిని తుడిచేసి, పౌడర్ అద్దింది. కనుబొమ్మల పెన్సిల్ తీసి మొన చెక్కింది. కాకా కార్డు తీసుకుని కిటికీ వెలుగులో పెట్టుకుంది. అప్పుడు మొదలుపెట్టింది. గీత కాదండీ, వెంట్రుక! ఒక్కొక్క వెంట్రుక! కింద చిన్నవి, మధ్యలో ఒత్తుగా, కొసకి పోయేకొద్దీ పైకి. కాకాకి చక్కిలిగింతలయి పెదవి వణికింది.

"కాకా, నవ్వు నకో!"

"నాకు నవ్వెట్లొస్తదమ్మా!" అన్నాడాయన దీనంగా.

సుజాత పెన్సిల్ పట్టుకుని నా వైపు చూసింది. ఆ చూపు వదిలేయండి.

గ్యాలరీలో అప్పటికే మా మాలా ఆడవాళ్లంతా గుమ్మంలోంచి తొంగి చూస్తున్నారు. రెండు గంటలకి మీసం వచ్చింది. నేను నిజంగా ముట్టుకోబోయాను, అంత నిజంగా ఉంది. ఆమె నా చెయ్యి కొట్టింది.

ముగ్గురం ట్యాక్సీలో వర్లి. మూడుకి పది నిమిషాలు. ట్యాక్సీలో కిటికీ తెరవనివ్వలేదు, గాలికి పౌడర్ పోతుందని. గేటు పక్కన స్తంభానికి చిన్న స్క్రీను, చుట్టూ లైటు. వాచ్‌మన్ కాకాని చూసి, కార్డు చూసి, మళ్లీ కాకాని చూశాడు. ఏమీ అనలేదు. కాకా స్క్రీను ముందు నిలబడ్డాడు.

ఎర్ర లైటు. హిందీలో ఒక ఆడగొంతు, దయచేసి మళ్లీ ప్రయత్నించండి అంది.

మళ్లీ నిలబడ్డాడు. మళ్లీ ఎర్ర లైటు. గడియారం చూడ్డానికి కూడా భయమేసింది. డిస్పాచ్‌లో నేను స్టిక్కర్ తప్పు వేస్తే కవరు నాలుగు రోజులకి తిరిగొస్తుంది, ఇంకో స్టిక్కర్ వేసి పంపుతాం. ఇక్కడ పదిమంది పని తిరిగొచ్చే దారి నాకు కనబడలేదు. సుజాత రాసిన ఆఖరి ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

సుజాత కార్డు మళ్లీ చూసింది. "కాకా, ఫోటో దిగినప్పుడు నువ్వు కోపంగున్నవు. మూతి బిగబట్టి ఉన్నవు సూడు. అట్ల బిగబట్టు."

"కోపం ఎట్ల తెచ్చుకోను?"

"మా ఆయన దిక్కు సూడు."

కాకా నా వైపు చూశాడు. మూతి ఠక్కున బిగుసుకుంది. అట్లాగే స్క్రీను వైపు తిరిగాడు. పచ్చ లైటు! "ధన్యవాద్," అంది ఆడగొంతు. జీవితంలో ఏ ఆడగొంతూ నాకు అంత తీయగా వినబడలేదు. ఈ మాట సుజాతకి చెప్పకండి.

కాకా గేటు దాటాడు. దాటి వెనక్కి తిరిగి, ఛాతీ విరిచి, రెండు వేళ్లతో మీసం మెలెయ్యబోయాడు.

"ముట్టకు!" అని మేమిద్దరం, వాచ్‌మన్ కూడా కలిసి అరిచాం. వాడికి అంతా తెలిసే ఊరుకున్నాడన్నమాట!

కథ అక్కడితో అయిపోలేదు. సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు కూడా మిషన్‌కి ముఖం చూపించాలి కదా. వర్లి చెమట మీకు తెలుసు. ఆరు గంటలకి కాకా వచ్చేసరికి మీసం గదవ దాకా కారింది. మళ్లీ పెన్సిల్. అసలు మీసం పెరిగే దాకా ఇరవై రోజులు ఇదే డ్యూటీ. పొద్దున ఆరున్నరకి కాకా మా చాల్‌కి వచ్చేవాడు, సుజాత మీసం వేసేది. సాయంత్రం ఆఫీసు అయ్యాక నేను పెన్సిల్ జేబులో పెట్టుకుని వర్లి పరుగెత్తేవాణ్ణి, కారిన చోట నింపడానికి. "నింపు మాత్రమే. నీ కళ నకో," అని రోజూ చెప్పి పంపేది. గేటు దగ్గర కూలీలంతా నాకు ఒక పేరు పెట్టారు, మీసాల డాక్టర్ అని. పన్నెండేళ్ల డిస్పాచ్‌లో నాకు ఏ పేరూ రాలేదు, ఆరు రోజుల సలూన్ పనికే వచ్చింది!

గది ఓనర్‌కి కాదని చెప్పేశాను. డ్రాఫ్ట్స్‌లో లెటర్ తీసేశాను. స్టిక్కర్లు మళ్లీ అంటిస్తున్నాను, ఇప్పుడు ఇంకొంచెం ఇష్టంగా.

కానీ ఇల్లు ఊరుకోలేదు. ఆ ఇరవై రోజులూ మా గ్యాలరీ ఆడవాళ్లు ఊరికే నిలబడి చూడలేదు. మేస్త్రీకి మీసం పెట్టినదానివి, మాకు కనుబొమ్మలు దిద్దలేవా అని మొదలుపెట్టారు. సుజాత ఏం చేసిందో చూడండి. క్లినిక్ వదల్లేదు. బోర్డు రాయించలేదు. ఆదివారం ఆదివారం గ్రాంట్ రోడ్‌లో ఒక లేడీస్ పార్లర్‌కి పోయి, చీపురు పట్టుకుని, మూల నిలబడి చూస్తోంది. నా నోట్‌బుక్కే. నా పేజీ చింపేసి కొత్త పేజీ.

నిన్న సాయంత్రం మా గ్యాలరీలో పక్కింటి అక్కని కూర్చోబెట్టి కనుబొమ్మలకి దారం వేస్తోంది. ఆ పనికి దారం ఒక కొస పళ్ల మధ్య బిగించి పట్టుకోవాలి. నేను గుమ్మంలో నిలబడి, మంచి సమయం చూసుకుని, మెల్లగా అడిగాను.

"రేపు పార్లర్ పెడితే హెల్పర్ గావాల్నా నీకు? నేనున్న గదా."

ఆమె పళ్లు విప్పకుండానే ఏదో అంది.

"న్‌కు."

నాకు అందో, నకో అందో దేవుడికే తెలియాలి. ఇంకోసారి అడిగి కన్ఫర్మ్ చేసుకోవచ్చు. కానీ కన్ఫర్మ్ చేసుకుంటే ఏమవుతుందో రీసెర్చ్ చేసినవాణ్ణి కదా, నోరు మూసుకుని ఝాడూ తీసుకున్నాను.